ఇంట్లో ఒకరికి పిల్లి పడదు: ఏ లక్షణానికి ఏం కారణం, ఏం చెయ్యాలి

జూలైలో ఓ వాన సాయంత్రం మా అమ్మాయి అపార్ట్‌మెంటు సెల్లారులోంచి చెప్పుల డబ్బాలో పిల్లిపిల్లని పట్టుకొచ్చింది. నుదుటి మీద నల్లమచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టేసింది. పది రోజులు తిరక్కుండానే మావారికి పొద్దున్నే తుమ్ములు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా పదీ పన్నెండు. రెండు నెలలపాటు ఇంట్లో ఒకటే గొడవ, పిల్లి ఉండాలా పోవాలా అని. చివరికి పరీక్ష చేయిస్తే తప్పు సగమే చుక్కదని తేలింది. మిగతా సగం మా పరుపుది.

కారణం తెలుసుకోకుండా తీర్పు చెప్పేశాం, అదీ మేం చేసిన పొరపాటు. మీ ఇంట్లోనూ ఒకరు పిల్లి కావాలని, ఒకరు పడదని అంటుంటే, ముందు ఏ లక్షణం కనిపిస్తోందో చూసి, దాన్నిబట్టి వెనక్కి వెళ్ళండి.

పిల్లిని ఇంకా తీసుకురాలేదు, కానీ పడుతుందో లేదో తెలీదు

పిల్లి రాకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. వచ్చాక తేల్చుకుంటే ఇంట్లో ఒక మనిషీ, ఒక మూగజీవం ఇద్దరూ బాధపడతారు. పిల్లి ఉన్న చుట్టాలింటికో స్నేహితులింటికో అనుమానం ఉన్న మనిషిని తీసుకెళ్ళండి. ఓ గంట కూర్చోబెట్టండి, పిల్లిని నిమరమనండి, ఆ రాత్రి ఎలా ఉందో అడగండి. కొందరికి నిమిషాల్లోనే కళ్ళు దురద పెడతాయి, కొందరికి కొన్ని గంటలు పడుతుంది. ఒక్కసారి బాగానే ఉంటే చాలదు. మూడు నాలుగుసార్లు, వేర్వేరు రోజుల్లో వెళ్ళాలి. ఇప్పటికే ఆయాసం ఉన్న మనిషి మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి, నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

గట్టిగా తేలాలంటే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయించాలి. ముంజేతి మీద అనుమానం ఉన్న ఒక్కోదాని సారాన్ని వరసగా బొట్లుగా వేసి, ఒక్కో బొట్టు మీద సూదితో చిన్నగా గుచ్చుతారు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి చూస్తారు. మావారి చేతి మీద పిల్లి సారం బొట్టు దగ్గర దోమ కుట్టినంత బుడిపె లేచింది. డస్ట్ మైట్లు అనే దుమ్ము పురుగుల బొట్టు దగ్గర దానికి రెట్టింపు, చుట్టూ ఎర్రగా. అప్పటిదాకా మైట్ల గురించి మేం అనుకోనే లేదు. పరీక్షకి కొన్ని రోజుల ముందే సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే బుడిపె రాదు. ఎన్ని రోజులో డాక్టరే చెబుతారు. చర్మానికి పరీక్ష చెయ్యడం కుదరనివాళ్ళకి రక్తంలో ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) పరీక్ష ఉంది. బుడిపె లేచినంత మాత్రాన పిల్లిదే తప్పని కాదు. ఇంట్లో కనిపిస్తున్న లక్షణానికీ దానికీ పొంతన కుదరాలి.

తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, కళ్ళ దురద

ముందు జలుబా అలర్జీయా చూడండి. జలుబైతే ఒళ్ళునొప్పులుంటాయి, ఒక్కోసారి జ్వరం, వారం పది రోజుల్లో పోతుంది. అలర్జీకి జ్వరం రాదు, దురద ఉంటుంది, వారాలు గడిచినా పోదు.

అలర్జీ అని తేలాక, ఎప్పుడు ఎక్కువో రాసుకోండి. మేం కేలెండరు మీదే పెన్సిల్‌తో రాసుకున్నాం. నిద్ర లేచిన వెంటనే ఎక్కువైతే పరుపు, దిండ్లలో ఉండే డస్ట్ మైట్ల మీద అనుమానం పెట్టుకోవాలి. ఇవి కంటికి కనపడనంత చిన్నవి, మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్ళు తాగవు, గాల్లోని తేమనే పీల్చుకుంటాయి. గాల్లో తేమ 50 శాతం లోపుకి దిగితే ఎండిపోతాయి. సముద్రం పక్కన ఉన్న మన విశాఖపట్నంలో ఆ అవస్థ వాటికి రానే రాదు. పక్కబట్టలు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. మెషిన్‌లో హీటరు లేకపోతే మరిగే నీళ్ళు బకెట్లో పోసి నానబెట్టండి. పరుపుకీ దిండ్లకీ జిప్ ఉన్న మైట్ కవర్లు తొడగండి.

ఇల్లు ఊడ్చినప్పుడు ఎక్కువైతే చీపురు పక్కన పెట్టి తడిగుడ్డ పెట్టండి. ఆ పని అలర్జీ ఉన్న మనిషి చెయ్యకూడదు. వానాకాలంలో, అల్మరా వెనకో చెమ్మెక్కిన గోడ పక్కనో ఎక్కువైతే అది బూజు. సాయంత్రం దోమల చక్రమో సాంబ్రాణో వెలిగించాక మొదలైతే ఆ పొగే. వన్ టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్ళలో కిటికీ గడప మీద చేరే నల్లటి పొడి కూడా ముక్కుని మండిస్తుంది. బాల్కనీలో పావురాలు కాపురం పెట్టినచోట, మనిషికి పొడిదగ్గూ ఆయాసమూ నెలల తరబడి ఉంటే, పిల్లిని వదిలేసి ముందు ఆ సంగతి ఛాతీ డాక్టరుకి చెప్పండి. పావురాల రెట్టలు, ఈకల పొడి వల్ల ఊపిరితిత్తులే పాడయ్యే జబ్బు ఒకటుంది.

పిల్లి ఒళ్ళో కూర్చున్నాక, దాన్ని నిమిరిన చేత్తో కళ్ళు నలుపుకున్నాక, అది పడుకున్న సోఫాలో కూర్చున్నాక ఎక్కువైతే, అప్పుడు పిల్లే.

పిల్లిని వేరే గదిలో ఉంచినా తగ్గడం లేదు

అందరూ తికమక పడేది ఇక్కడే. పిల్లి వెంట్రుకలే పడవని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. అసలు పడనిది వెంట్రుక కాదు. పిల్లి ఉమ్మిలో, చర్మం కింద నూనె గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రోటీన్. దాని పేరు ఫెల్ డి 1.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చుక్క బాల్కనీలో ఎండపొడ పడేచోట కూర్చుని ఒళ్ళు నాక్కుంటుంది. ముందు కాలు తడిపి చెవి వెనక రుద్దుకుంటుంది, తర్వాత పక్కటెముకల మీద నాలుక బారుగా సాగదీస్తుంది. నాకినచోట బొచ్చు పాయలు పాయలుగా తడిసి మెరుస్తుంది. పది నిమిషాల్లో ఆ తడి ఆరిపోతుంది. ఆరిన ఉమ్మి, దాంతో పాటు చర్మపు పొట్టు, పొడి అయి లేస్తాయి. అందులో చాలా నలుసులు ఎంత సన్నవంటే, కింద పడకుండా గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి. ఫ్యాను వేస్తే ఇల్లంతా తిరుగుతాయి. బట్టలకి, కర్టెన్లకి, గోడలకి అంటుకుంటాయి. పిల్లిని ఎప్పుడూ పెంచని ఇళ్ళలోనూ, బడుల్లోనూ ఈ ప్రోటీన్ దొరికిందంటే, జనం బట్టల మీద వచ్చిందే.

అందుకే పిల్లిని గదిలో పెట్టి తలుపేసి, రెండు రోజుల్లో తగ్గలేదని నిరాశ పడితే లాభం లేదు. పిల్లిని పూర్తిగా పంపేసినా ఇంట్లోంచి ఆ పొడి పోవడానికి నాలుగైదు నెలలు పట్టొచ్చు.

చెయ్యాల్సింది ఆ పొడి నిలవుండే చోట్లు తగ్గించడం. నేల మీద తివాచీ ఉంటే తీసెయ్యండి. మన టైల్సు, మొజాయిక్ నేలలు ఈ విషయంలో చాలా మేలు. గుడ్డ సోఫా కంటే రెగ్జిన్‌దో చెక్కదో నయం, తుడవొచ్చు. బరువైన కర్టెన్లు తీసి, ఉతకడానికి వీలైన పల్చటివి వెయ్యండి. ఫ్యాను రెక్కలు వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. బీచ్ వైపు గాలి వచ్చే వేళల్లో కిటికీలు తెరవండి. అంతస్తుల ఇళ్ళయితే ముందు బాల్కనీకి వల కట్టించండి, పిల్లి పడిపోతుంది.

మగపిల్లయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఆపరేషన్ కాని మగపిల్లుల్లో ఈ ప్రోటీన్ ఎక్కువ తయారవుతుంది, చేయిస్తే తగ్గుతుంది. స్నానం చేయిస్తే తగ్గుతుందనేది నిజమే కానీ ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. దానికోసం పిల్లిని హింసపెట్టడం నాకు సబబుగా అనిపించలేదు. ఈ ప్రోటీన్‌ని అడ్డుకునే, గుడ్డులోంచి తీసిన యాంటీబాడీ కలిపిన పిల్లి ఆహారం ఒకటి వచ్చింది. అది తిన్న పిల్లుల బొచ్చు మీద ఈ ప్రోటీన్ మూడో వారం నుంచి సగటున 47 శాతం తగ్గిందని 2019లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అది తయారీదారు చేయించినదే, తగ్గిందే తప్ప పోలేదు. ఆ లెక్కలోనే తీసుకోవాలి.

రాత్రిళ్ళు ముక్కు బిగిసిపోతోంది

పిల్లి పడకగదిలోకి వస్తోందేమో చూడండి. పైన చెప్పిన పరుపులోని మైట్లనీ మరిచిపోకండి. మనం రోజులో ఏడెనిమిది గంటలు ముక్కు ఆనించి ఉండేది దిండుకే. అలర్జీ ఉన్న మనిషి పడుకునే గదిలోకి పిల్లి ఎప్పుడూ రాకూడదు, పగలు కూడా. మా ఇంట్లో ఆ నియమం పెట్టాక మొదటి వారం చుక్క తలుపు దగ్గర కూర్చుని అరిచేది. అమ్మాయి దాని పక్క తన గదిలో వేసింది, అరుపు ఆగింది. అలర్జీ ఉన్న మనిషి గదిలో హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయరు పెట్టుకుంటే గాల్లో తేలేదాన్ని పడుతుంది. పరుపు మీద పేరుకున్నదాన్ని పట్టదు. ఏసీ ఫిల్టరు ఆ పని చెయ్యదు. రెండు వారాలకోసారి దాన్ని కడగడం మాత్రం మానకండి.

ఒంటి మీద దద్దుర్లు

నిమిరినచోట, నాకినచోట వెంటనే లేచి గంటలో పోతే అలర్జీ. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. గుండ్రంగా, అంచు ఎర్రగా, పొలుసుగా పెరుగుతుంటే తామర. పిల్లికీ ఉండొచ్చు, ఉంటే ఇద్దరికీ మందు వెయ్యాలి. చీలమండల చుట్టూ గుంపుగా ఎర్రటి చుక్కలుంటే పిల్లి బొచ్చులో గెంతే పురుగులు కుట్టినవి. గీరినా కరిచినా అది వేరే లెక్క: పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా గురించి డాక్టర్ని కలవండి.

మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ

మాత్ర లక్షణాన్ని ఆపుతుంది, పొడి గాల్లో అలాగే ఉంది. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రోజూ వాడితే కొన్ని రోజులకి గుణం చూపిస్తుంది. బాగా లేనప్పుడు ఒక్కసారి కొట్టుకుని లాభం లేదని చాలామంది పక్కన పడేస్తారు. ముక్కు వెంటనే తెరుచుకునే చుక్కల మందు మాత్రం నాలుగైదు రోజులు దాటి వాడకండి. ఆ తర్వాత ఆ మందు వల్లే ముక్కు బిగుస్తుంది. మందుల షాపులో అడిగితే ఇచ్చే పేరు తెలియని మాత్రల జోలికి వెళ్ళొద్దు. ఏళ్ళ తరబడి పిల్లితో ఉండాల్సినవాళ్ళకి ఇమ్యునోథెరపీ అని ఉంది, పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇస్తూ ఒంటికి అలవాటు చేస్తారు, మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది.

పర్షియన్ తెస్తే పడుతుందట, బొచ్చు లేని జాతి తెస్తే పడుతుందట అని చెబుతుంటారు. పిల్లన్నాక ఈ ప్రోటీన్ ఉంటుంది. ఒక్కో పిల్లిలో ఎక్కువ తక్కువలుంటాయి, ఆ తేడాని జాతి చూసి చెప్పలేం. ఆ డబ్బు పోసేముందు, సరిగ్గా ఆ పిల్లి దగ్గరే నాలుగుసార్లు కూర్చుని చూడండి.

ఛాతీలో పిల్లికూతలు

గాలి విడిచేటప్పుడు ఛాతీలో సన్నగా ఈలలాంటి చప్పుడొస్తే మనం పిల్లికూతలంటాం. జలుబు చేసినా, దుమ్ము తగిలినా రావచ్చు. కానీ ఇంట్లో పిల్లి ఉండి ఈ కూతలు మొదలైతే, లేక ఉబ్బసం అదుపులో ఉన్న మనిషికి ఇన్‌హేలరు వాడకం పెరిగితే, ఇంక దిండు కవర్లు, ప్యూరిఫయర్లు అంటూ కూర్చోకూడదు. ముక్కుతో సర్దుకుపోవచ్చు, ఊపిరితో కుదరదు. ఛాతీ డాక్టరుకి చూపించాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పక్కటెముకలు లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

పిల్లి పడకే కూతలొస్తున్నాయని డాక్టరు చెబితే, దానికి మరో ఇల్లు చూడాలి. రాత్రిపూట తీసుకెళ్ళి ఫిషింగ్ హార్బరు దగ్గరో పూర్ణా మార్కెట్ దగ్గరో వదిలేస్తే చేపలు తిని బతుకుతుందనుకుంటారు. ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడి కుక్కల మధ్య బతకలేదు. టీకాలు వేయించి, ఆపరేషన్ చేయించి, తెలిసినవాళ్ళింటికి దాని డబ్బా, దాని గుడ్డ, అలవాటైన తిండితో సహా ఇచ్చి, వారం తర్వాత వెళ్ళి చూసి రండి.

మా ఇంట్లో చుక్క ఉంది. మావారికి ముక్కు వరకే, అది స్ప్రేతో, పడకగది తలుపుతో సరిపోతోంది. మా అత్తయ్యకి మాత్రం ఉబ్బసం. ఏటా సంక్రాంతికి శ్రీకాకుళం నుంచి వచ్చి నెల రోజులుండేది. మొన్న ఫోన్లో, "ఏటమ్మా, పిల్లుంటే నాను రాకూడదా?" అని అడిగింది. రాకూడదత్తయ్యా అని చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. పండగ ముందు చుక్కని ఎదురింట్లో ఉంచినా ఆ పొడి ఇంట్లోనే ఉంటుందని విడమరిచి చెప్పాను. ఈసారి మేమే వెళ్తున్నాం. మా నలుగురి బట్టలూ ఉతికి, చుక్క ఎక్కని మేడ మీద ఆరేసి, అక్కడే మడతపెట్టి ప్లాస్టిక్ కవర్లలో కట్టాను. శ్రీకాకుళంలో బస్సు దిగాక ముందు మా ఆడపడుచు ఇంటికెళ్ళి, తలస్నానాలు చేసి, ఆ కవర్లు అక్కడే విప్పి, ఆ బట్టలతోనే అత్తయ్య గడప తొక్కుతాం.