పెరటి ఉయ్యాల: కనిపించే లోపం, దాని కారణం, సరిచేసే తీరు

కాళ్లు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, చిరిగిన స్కూలు బ్యాగు పట్టీలు, పాత సైకిలు ట్యూబు, రెండు గోనె సంచులు ఉంటే పసిపిల్లల ఉయ్యాలకు కావలసిన సరుకు చాలావరకు సమకూరినట్లే. గోదావరి డెల్టాలో ఏ పెరడు వెతికినా ఇవి దొరుకుతాయి. పాతది వాడకూడని వస్తువు మాత్రం ఒకటుంది, అది తాడు. ఎండకూ తేమకూ నలిగిన చేదతాడు గానీ పడవ తాడు గానీ పైకి గట్టిగానే కనిపించినా లోపలి పోగులు పెళుసెక్కి ఉంటాయి కనుక, 12 మిల్లీమీటర్ల మందం గల కొత్త తాడు కొనడమే మంచిది. ఈ ఒక్క ఖర్చును తప్పించుకోబోయినందువల్లే చాలా ఉయ్యాలలు చెడిపోతాయని నా అభిప్రాయం. నిటారుగా, ఆసరా లేకుండా కూర్చోగలిగిన పిల్లలనే ఇందులో కూర్చోబెట్టాలి.

కొమ్మ దగ్గర తాడుకు నూగు లేస్తోంది

ప్రతి ఊపుకూ తాడు బెరడు మీద ఒకే చోట రాచుకోవడం దీనికి కారణం. చాలామంది అక్కడ సైకిలు ట్యూబు ముక్క చుట్టి సరిపెడతారు. దానివల్ల అరుగుదల ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. కొమ్మకు వేసిన కట్టు కదలకుండా ఉండాలి, కదలిక దాని కింద జరగాలి. అందుకోసం కొమ్మకు గోనె చుట్టి, దానిమీద తాడుతో కట్టు వేసి, ఆ కట్టుకు ఇనుప రింగు తగిలించి, ఉయ్యాల తాడును మరొక రింగు ద్వారా దానికి కలిపితే రాపిడి అంతా ఇనుముకూ ఇనుముకూ మధ్యనే జరుగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు అంచు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు రింగులు వాడడం మేలు. కొమ్మ ఏటేటా లావెక్కుతుంది. కట్టును ఏడాదికొకసారైనా వదులు చేయకపోతే అది బెరడులోకి దిగి, కొమ్మ పైభాగం ఎండిపోతుంది.

నైలాన్ తాడు నునుపుగా ఉండి ముడి జారుతుంది. పశువులను గుంజకు కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడేలా వేసే ముడిని ఇక్కడ వేయకూడదు. ముడి తరువాత కనీసం జానెడు తాడు మిగిల్చి, కొసను మంటతో కరిగించాలి.

రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టిన తాడు దిగజారుతోంది

కోనసీమలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. పెరట్లో మామిడి గానీ చింత గానీ లేకపోతే రెండు కొబ్బరి మొదళ్ల మధ్య తాడును అడ్డంగా బిగించి, నడుమ ఉయ్యాల వేలాడదీస్తారు. తాడు ఎంత సమతలంగా ఉంటే దానిమీద లాగుడు అంత పెరుగుతుంది. అడ్డతాడు రెండు వైపులా పది డిగ్రీలు మాత్రమే వంగి ఉంటే, 15 కిలోల బిడ్డ కదలకుండా కూర్చున్నా ఒక్కో పక్క 40 కిలోలకు పైగా లాగుడు పడుతుంది, ఊగితే ఇంకా ఎక్కువ. ఎంత బిగించినా మళ్లీ సాగడానికి కారణం ఇది. తాడు బదులు జీఐ పైపును (జింకు పూత పూసిన ఇనుప గొట్టాన్ని) గానీ, లావాటి సరుగుడు బాదును గానీ అడ్డంగా కట్టాలి. కాయ దింపు తీయించినా ఎండుమట్టలు రాలుతూనే ఉంటాయి కాబట్టి, వేరే చోటు ఉన్నంతవరకు కొబ్బరి కింద ఉయ్యాల వద్దనే చెబుతాను. మునగ కొమ్మ సంగతి చెప్పనక్కరలేదు, అది చెప్పకుండా విరుగుతుంది.

కుర్చీ పగులుతోంది, లేదా బిడ్డ ముందుకు జారుతోంది

వేలితో రుద్దినప్పుడు తెల్లని పొడి అంటుకుంటే కుర్చీ ఎండకు పెళుసెక్కినట్లే, దాన్ని పక్కన పెట్టాలి. మంచి కుర్చీ అయినా దానికి రంధ్రాలు చేసి తాడు దూర్చితే బరువంతా రంధ్రం అంచు మీద పడి అక్కడే చీలుతుంది. తాడు కుర్చీ చేతుల కిందుగా వచ్చి, సీటు అడుగున రెండు వరసలుగా సాగి, అవతలి వైపు పైకి వెళ్లాలి. అడుగున చిన్న పలక పెట్టి, తాడు పక్కకు జారకుండా దానికి బిగిస్తే ప్లాస్టిక్ చీలినా బిడ్డను తాడూ పలకా మోస్తాయి.

ముందుకు జారడానికి కారణం సీటు ముందువైపు వాలి ఉండడమో, కాళ్ల మధ్య పట్టీ లేకపోవడమో అయి ఉంటుంది. వెనుక తాళ్లను కొద్దిగా వదులు చేసి సీటును వెనక్కు వాల్చి, బ్యాగు పట్టీని నడుము చుట్టూ, మరొకదాన్ని కాళ్ల మధ్యగా కట్టాలి. పట్టీల నడుమ, చేతుల కింద 9 నుంచి 23 సెంటీమీటర్ల సందులు ఉంటే బిడ్డ శరీరం దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది గనుక వాటిని గోనెతో మూసి కుట్టాలి.

ఉయ్యాల గిర్రున తిరుగుతోంది, ఒక పక్కకు ఒరుగుతోంది

పైన తాళ్లు దగ్గరగా, కింద దూరంగా ఉంటే తిరుగుడు తప్పదు. పై దూరం సీటు వెడల్పు కంటే జానెడు ఎక్కువ ఉండేలా మార్చాలి. ఒరగడానికి కారణం కొత్త తాడు సాగడం. నైలాన్ తడిసినప్పుడు ఇంకా సాగుతుంది. 25 కిలోల బియ్యం బస్తాలు రెండింటిని సీటు మీద పెట్టి రాత్రంతా వదిలేసి, తెల్లవారాక పొడవులు సమం చేస్తే ఇటు సాగుడు తీరుతుంది, అటు కట్టు బలమూ తెలుస్తుంది. సీటు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే పసివారు తమంతట తాము ఎక్కలేరు.

గుంజలు వాలుతున్నాయి

ఒండ్రు నేల వానకు మెత్తబడి గుంజను పట్టి ఉంచదు. నల్లరేగడి అయితే ఎండాకాలంలో నెర్రెలు విచ్చి మరీ వదులు చేస్తుంది. నిలువు గుంజలు రెండే పాతితే ఉయ్యాల ముందుకూ వెనక్కూ లాగే కొద్దీ వాలక తప్పదు. ఒక్కో వైపు రెండేసి సరుగుడు బాదులను, పైన కలిసి, కింద ఊపు దిశలో ఎడంగా ఉండేలా నిలబెట్టి, పాతే భాగానికి చెదలు పట్టకుండా తారు పూసి, 75 సెంటీమీటర్ల లోతు గుంతలో ఇటుక ముక్కలు దట్టించాలి. కాలవ గట్టు పక్కన నీరు ఊరే పెరళ్లలో కాంక్రీటు తప్పదు.

వాడనప్పుడు ఉయ్యాల విప్పి ఇంట్లో పెట్టాలి. వేలాడే తాడు పిల్లల మెడకు చుట్టుకోవచ్చు. బయటే ఉంటే సీటులో వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి, అడుగున చిల్లులు వేసినా ఆకులు అడ్డుపడతాయి. మామిడికి కట్టినవారు ఎర్రచీమలు తాడు వెంట దిగాయేమో చూసుకుని మరీ బిడ్డను కూర్చోబెట్టాలి.