వానలో సముద్రపు ఒడ్డున గుడారం వేయడం ఎలా?

హైదరాబాద్‌లో సముద్రం లేదు. కానీ ఏ తీరంలో అల ఎంత ఎత్తు లేస్తుందో దేశమంతటికీ చెప్పే కార్యాలయం ఇక్కడే, ప్రగతినగర్‌లో ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్, భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. అందుకే బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి బయలుదేరే ప్రతిసారీ మా మిత్రబృందం ఈ కార్యాలయాన్ని మన ఊరి సముద్రం అని మురిసిపోతుంది.

నేను ఉద్యోగం కోసం కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నాను. వానలో గుడారం వేయడం మొదట నేర్చుకున్నది వేల్స్ తీరంలో. అక్కడ మాకు గుడారానికో నంబరు, మంచినీటి కుళాయి, వేడినీళ్ల స్నానాల గది ఉండేవి. గుడారం కారితే తువ్వాలు చంకన పెట్టుకుని ఆ గదిలో దూరేవాళ్లం. ఇక్కడ ఆ భాగ్యం లేదు. కాబట్టి వానను గెలవాలంటే ఇంటి దగ్గరే, మీ డాబా మీదే గెలవాలి.

తేదీ: గోడ క్యాలెండరుతో మొదలు

పంచాంగం ఉన్న క్యాలెండరు తీసి రెండు విషయాలు చూడండి. మొదటిది కార్తె. జూన్ చివరి వారం నుంచి ఆగస్టు వరకు, అంటే ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా, కోస్తాలో వాన తరచుగా సాయంత్రమో రాత్రో ఉరుములతో వచ్చి పోతుంది. ఆ వానను ఓపిక పట్టి ఆస్వాదించవచ్చు. చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు తుఫానులవి, వాటి జోలికి వద్దు. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, అదీ డిసెంబరు 5న. జూన్ చివరికి వెళ్తే ఇంకో లాభం ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధం అప్పటికి ముగిసి, పడవలు మళ్లీ చేపలతో వస్తుంటాయి.

రెండోది తిథి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకి వస్తుంది. పోటు తగ్గే అష్టమి, నవమి ప్రాంతంలో శని ఆదివారాలు పడితే వదులుకోవద్దు.

బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి. పసుపు అయితే జాగ్రత్తగా వెళ్లవచ్చు, నారింజ లేదా ఎరుపు అయితే ఇంట్లో పకోడీలు వేసుకోండి. ఇన్‌కాయిస్ అలల హెచ్చరికతో పాటు, దగ్గరలోని నిజాంపట్నం హార్బరులో నంబరుతో ప్రమాద హెచ్చరిక జెండా ఏమైనా ఎగరేశారేమో కూడా వార్తల్లో వెతకండి. నంబరు ఎంతైనా సరే, జెండా ఎగిరితే మా ప్రయాణం రద్దు. ఇందులో మా బృందంలో ఓటింగు ఉండదు.

డాబా పరీక్ష

గుడారం కొనేటప్పుడు చీటీ మీద మిల్లీమీటర్ల లెక్క చూడండి. బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో ఆ అంకె చెబుతుంది. పైకప్పుకు కనీసం 1500, మోకాళ్ల బరువు పడే అడుగు భాగానికి 3000 ఉంటే మేలు. అయితే అంకెను నమ్మి బయలుదేరకండి. నీళ్లు బట్టలోంచి కన్నా కుట్లలోంచే ఎక్కువ వస్తాయి.

మేము గుడారాన్ని డాబా మీద నిలబెట్టి, గొట్టంతో అరగంట నీళ్లు కొట్టాం. లోపల టార్చిలైటుతో నేను కూర్చున్నాను. పది నిమిషాలకు ఈశాన్యం మూల కుట్టు వెంట ఒక్కొక్క చుక్క పూసలా ఊరి, దారం మీద జారి, నా మోకాలి మీద పడింది. అక్కడే సుద్దముక్కతో గుర్తు పెట్టాం. ఎండిన తర్వాత కుట్టు మీద పూసే జిగురు రెండు పూతలు వేస్తే సరిపోయింది. ఈ హడావుడి చూసి మా ఇంటి యజమాని భార్య, మేమంతా పెద్దమ్మగారు అని పిలిచే ఆవిడ, "కింద ఇల్లు పెట్టుకుని పైన గుడారం ఏమిటి నాయనా?" అని అడిగారు. సమాధానం చెప్పలేక నవ్వాం.

ఇంకో మాట. తెల్లవారి గుడారం లోపల కనిపించే తడి అంతా కారిన నీరు కాదు. నలుగురి ఊపిరి బట్టకు తగిలి చెమర్చుతుంది. చలి భయంతో గాలి కిటికీలు మూయకండి.

సామాను

రంగులు వేసేవాళ్లు వదిలేసిన 20 లీటర్ల మూత బకెట్టును మించిన పెట్టె లేదు. కడిగి ఆరబెడితే బట్టలు, అగ్గిపెట్టె, ఫోను ఛార్జర్ అన్నీ అందులో పొడిగా ఉంటాయి, మూత పెడితే పీటగా పనికొస్తుంది. మనిషికి ఒకటి చాలు. వీటికి తోడు మందపాటి టార్పాలిన్ పట్టాలు రెండు, నైలాన్ తాడు, ఖాళీ బియ్యం సంచులు పది, తలకు కట్టుకునే లైట్లు తీసుకోండి. గొడుగు దండగ, సముద్రపు గాలికి రెండో నిమిషంలోనే తిరగబడుతుంది. వాన కోటు తీసుకోండి.

తిండికి పులిహోర, చపాతీలు, అటుకులు చాలు. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, లేకపోతే సముద్రపు తేమకు సాయంత్రానికల్లా మెత్తబడతాయి. స్టవ్‌ను ఎంత వాన కురిసినా గుడారం లోపల వెలిగించకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దారి, అనుమతి

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ దారి వదిలి, మిర్యాలగూడ, నరసరావుపేట మీదుగా వెళ్తే బాపట్ల 300 కిలోమీటర్లకు పైనే. అక్కడి నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. రైలైతే సికింద్రాబాద్ నుంచి తిరుపతి, చెన్నై వైపు వెళ్లే రాత్రి బళ్లు చూసుకోండి.

దొరికిన చోట గుడారం వేయకండి. దగ్గరలో వైమానిక దళ స్థావరం ఉంది, ఆ వైపు వెళ్లడం గాని డ్రోన్ ఎగరేయడం గాని కూడదు. పర్యాటక శాఖ హరిత రిసార్టు గాని, ప్రైవేటు రిసార్టులు గాని తమ ఆవరణలో వేసుకోనిస్తాయేమో ముందే ఫోను చేసి అడగండి. మరుగుదొడ్డి సమస్య కూడా దాంతో తీరుతుంది.

ఇసుకలో నిలబెట్టడం

ముందు చెత్త గీత వెతకండి. నత్తగుల్లలు, పుల్లలు, ప్లాస్టిక్ మూతలు వరసగా పేరుకున్న చోటు నిన్నటి పోటు హద్దు. దానికి బాగా పైన, ఊదా పూల తీగ పాకిన ఇసుక దగ్గర వేయండి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. కాబట్టి నిన్న రాత్రి ఆ వేళకు దాటని నీరు ఇవాళ అదే వేళకు దాటదని లెక్క వేసుకోవద్దు. సరుగుడు చెట్ల నీడ బాగుందని కిందికి చేరకండి, గాలికి కొమ్మలు విరుగుతాయి. కొబ్బరి చెట్ల సంగతి చెప్పనక్కర్లేదు.

గుడారంతో వచ్చే మేకులు ఇసుకలో నిలవవు. మూరెడు కర్ర నడుముకు తాడు కట్టి, అడుగున్నర గోతిలో, తాడు లాగే వైపుకు అడ్డంగా పూడ్చి తొక్కండి. కర్రలు చాలకపోతే బియ్యం సంచుల్లో ఇసుక నింపి అలాగే పూడ్చండి. వాకిలి గాలికి ఎదురుగా ఉండకూడదు. కింద పరిచే పట్టా అంచులు గుడారం బయటికి రాకుండా లోపలికి మడవండి. బయటికి వస్తే పైనుంచి జారిన వాన నీటిని అదే పట్టి మీ పక్క కిందికి తెస్తుంది. మొదటి జల్లు పడ్డాక లేచి తాళ్లు మళ్లీ బిగించండి, తడిసిన నైలాన్ సాగుతుంది.

మెరుపు మెరిస్తే

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. సెకన్ల లెక్క 30 లోపు వస్తే అందరూ పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. గుడారం పిడుగును ఆపదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ముందే ఫోనులో ఉంటే ఇంకా మంచిది.

వానాకాలంలో ఈత వద్దు. పాదాలు తడపాలన్నా జాలర్లను అడగండి. వాళ్లు పడవ దించని రోజున మనం దిగడం ఏమిటి?

తిరిగొచ్చాక

ఇసుక తడిగా ఉండగా దులిపితే బట్టలోకి ఇంకా పట్టేస్తుంది. ముందు ఆరనిచ్చి, దులిపి, ఆపైన మంచినీళ్లతో జిప్పులు బాగా కడగండి, ఉప్పు వాటిని తినేస్తుంది. ఆ తర్వాత డాబా మీద పూర్తిగా ఆరేదాకా మడత పెట్టవద్దు, బూజు వస్తుంది. మేము ఆరేసిన దండెం పెద్దమ్మగారిది. మర్నాడు ఆవిడ చీరల్లో దొరికిన ఇసుకను చిన్న గిన్నెలో పోసి తెచ్చి ఇచ్చారు.