జపాన్ కత్తి కొనే ముందు పిడి విప్పి చూడాలి

జపాన్ కత్తుల మీద మోజు పడ్డ కొత్తవాళ్లు ముందు చూసేది మెరుపు, వినేది "ఇది ఫలానా సమురాయ్‌ది" అన్న కథ. ఆ రెంటికీ డబ్బు పెట్టకండి. కత్తి వయసు, చేసిన కమ్మరి పేరు, దాన్ని తర్వాత కుదించారా లేదా అన్నది పిడి లోపల దాగి ఉండే భాగంలో తెలుస్తుంది. దాన్ని నకాగో అంటారు. నకాగో చూపించనివాడి దగ్గర, కనీసం రెండు వైపులా స్పష్టమైన ఫొటోలు పంపనివాడి దగ్గర కొనకండి.

పిడి విప్పేటప్పుడు తొందర పనికిరాదు. పదును పైకి ఉంచి, కత్తి వెన్నును ఒర లోపలి చెక్కకు ఆనించి మెల్లగా బయటికి తీయాలి. పిడికి అడ్డంగా వెదురు మేకు ఉంటుంది, మెకుగి. దానికి ఒక చివర లావు, ఒక చివర సన్నం. చిన్న ఇత్తడి సుత్తితో సన్నటి వైపు నుంచి తోయాలి. లావు వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత పిడి చివరను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కత్తిని నిలువుగా కాస్త వాలుగా ఉంచి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద చిన్నగా కొట్టాలి. అదురుకు కత్తి పిడిలో వదులవుతుంది. మొదటిసారే గట్టిగా కొడితే కత్తి ఎగిరి ఒళ్లో పడుతుంది. పిడి ఊడాక సెప్ప అనే పలుచటి బిళ్లలు, త్సుబా అనే అడ్డుబిళ్ల, చివరగా హబాకి అనే రాగి పట్టీ వస్తాయి. ఏ సెప్ప ఏ వైపుదో ఫోనుతో ఫొటో తీసుకోండి. తారుమారైతే బిగింపు కుదరదు.

ఇక నకాగో. పాతదైతే తుప్పు ముదురు గోధుమ నుంచి నలుపు దాకా, నున్నగా, ఒకే తీరుగా ఉంటుంది. నారింజ రంగు పొడి తుప్పు, రంగు పూసినట్టుండే నలుపు అనుమానించాల్సినవి. సంతకం చెక్కిన గీతల లోపల కూడా చుట్టుపక్కల ఉన్న రంగే ఉండాలి. గీత అడుగున లోహం కొత్తగా కనిపిస్తే పేరు తర్వాత చెక్కారన్నమాట. మొన పైకి పెట్టి, పదును మీ ఎడమవైపుకు ఉంచితే కటానా (పదును పైకి ఉండేలా నడుముకు దోపుకునే కత్తి) సంతకం సాధారణంగా ఎదురుగా కనిపిస్తుంది. పదును కిందికి ఉండేలా వేలాడదీసే పాత తాచి కత్తుల్లో పదును కుడివైపుకు ఉంచినప్పుడు. మేకు రంధ్రాలు రెండు మూడు ఉంటే కత్తిని కుదించి ఉండొచ్చు. అప్పుడు సంతకం సగమో మొత్తమో పోతుంది, అది తప్పు కాదు. నకాగో తుప్పును మాత్రం ఎప్పటికీ తోమకూడదు. ఇసుక కాగితం పెట్టినరోజే వయసుకున్న సాక్ష్యమంతా పోతుంది, ధరా పోతుంది.

గొప్ప పేర్లే ఎక్కువ దొంగ పేర్లు. 17వ శతాబ్దపు కమ్మరి కొటెట్సు పేరు కనిపిస్తే దొంగదనే అనుకుని మొదలుపెట్టాలి. ఇంకో పేరున్న కమ్మరి మసమునే సంతకం ఉన్న నిజమైన కత్తులు బహు అరుదు. కొత్తవాళ్లకు దొంగ సంతకం కన్నా సంతకం లేని మంచి కత్తి మేలు.

తర్వాత పదును అంచు. ట్యూబ్‌లైటు కింద ఏమీ తెలియదు. ఒక్క బల్బు చాలు, కత్తి మొనను దానివైపు చూపి మెల్లగా కదిలించాలి. కాల్చి నీళ్లలో ముంచినప్పుడు గట్టిపడిన అంచు, మెత్తటి ఒళ్లు కలిసేచోట ఏర్పడే గీత హమోన్. అసలుదైతే పది రెట్ల భూతద్దంలో సన్నటి మెరుపు రేణువులో, పొగమంచు లాంటి తెలుపో కనిపిస్తుంది. ఆసిడ్‌తో తెచ్చిన నకిలీ గీత చదునుగా, బూడిదరంగులో చచ్చినట్టుంటుంది. అంచుకు అడ్డంగా వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తే అది హగిరే, పగులు. ఎంత పేరున్న కత్తైనా వదిలేయండి. మొనలో గట్టిపడిన భాగం అరిగిపోయినా అంతే. ఒంటి మీద చిన్న పొర విప్పుకోవడం, అతుకు వేసిన ముక్క పాత కత్తుల్లో సహజమే, ధర తగ్గించి అడగండి.

అన్నట్టు, "డమాస్కస్ కటానా" అని అమ్మేవి సేకరణకు పనికిరావు. అసలు డమాస్కస్ గీతలు వేరే ఉక్కువి: తెలంగాణలోని కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కత్తుల మీద గీతలు ఆసిడ్ పూసి తేల్చేవి. జపాన్ ఉక్కు ఇనుప ఇసుకను బొగ్గుతో తతారా కొలిమిలో కాల్చి తీసేది. దాన్ని మడతపెట్టి కొట్టినప్పుడు వచ్చే కణాల తీరు సానరాళ్ల పనితోనే బయటపడుతుంది, నెమ్మదిగా వెతికితేనే కంటికి కనిపిస్తుంది. దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడే అలలు కొత్త పనివి.

కాగితాల విషయంలో చాలామంది పొరబడతారు. జపాన్‌లో కత్తికి ఉండే తొరొకుషో అనే రిజిస్ట్రేషన్ చీటీ నాణ్యతకు హామీ కాదు. అక్కడ చట్టబద్ధంగా ఉంచుకోవడానికి అనుమతి మాత్రమే. పనితనాన్ని నిపుణులు పరిశీలించి ఇచ్చేది ఎన్‌బీటీహెచ్‌కే అనే జపాన్ కత్తుల పరిరక్షణ సంస్థ పత్రం. అందులో హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో అని నాలుగు మెట్లు. మొదటి కొనుగోలుకు హోజోన్ చాలు. ఆ సంస్థే 1982కి ముందు ఇచ్చిన కిచో పత్రాలను, ముఖ్యంగా పెద్ద పేర్లకు ఇచ్చినవాటిని, మార్కెట్లో అంతగా నమ్మరు. పత్రంలోని కొలత, రంధ్రాల సంఖ్య చేతిలో ఉన్న కత్తితో సరిపోతున్నాయో లేదో మీరే కొలవండి: మొన నుంచి వెన్ను మీద హబాకి ఆనే గాటు వరకు సూటిగా. 60.6 సెంటీమీటర్లు, అంటే జపాన్ పాత కొలతలో రెండు షాకులు దాటితే కటానా, 30.3 నుంచి 60.6 దాకా వాకిజాషి అనే పొట్టి కత్తి. 30.3 కన్నా తక్కువైతే టాంటో అనే బాకు.

ఇండియాలో ఉంటే త్సుబాతో మొదలుపెట్టడమే తెలివైన పని. కత్తి 1959 ఆయుధాల చట్టం కిందకు వస్తుంది, దిగుమతికి అనుమతి కావాలి. డబ్బు కట్టకముందే లైసెన్సింగ్ అధికారిని, కస్టమ్స్‌ను అడగండి. జపాన్ నుంచి బయటికి రావడానికి అక్కడి సాంస్కృతిక వ్యవహారాల ఏజెన్సీ పత్రం కూడా తప్పనిసరి, దాన్ని సాధారణంగా దుకాణదారే తెస్తాడు. త్సుబాకు ఈ తతంగం లేదు, నేర్పేది మాత్రం చాలా ఉంటుంది.

మామూలు ఇనుప త్సుబా ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. కత్తి దూరే రంధ్రం చుట్టూ ఉలి గుర్తులు, అక్కడక్కడా ఇరికించిన రాగి ముక్కలు ఉంటే ఏదో కత్తికి వాడినదని గుర్తు. చెక్కిన ఖాళీల లోపలి గోడలు చూడండి: అచ్చుపోసిన నకిలీలో అక్కడ సన్నటి కుట్టు గీత, బుడగల గుంటలు దొరుకుతాయి. షకుదో అనే నల్లటి లోహం రాగిలో కొద్దిపాటి బంగారం కలిపినది, ఆ నలుపు రసాయన చర్యతో లోహం పైన తెచ్చిన రంగు. ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు, పీతాంబరి, బ్రాసో పెట్టారంటే నలుపు మొత్తం పోయి రాగి తేలుతుంది. మళ్లీ తెప్పించడం నిపుణుడి పని. ఇనుప త్సుబా మీద ఎర్ర తుప్పుంటే కొమ్ము లేదా ఎముక ముక్కతో, చుక్క నూనె వేసి గీరి, తర్వాత నూలు గుడ్డతో రోజూ కాసేపు రుద్దండి. వైరు బ్రష్ వద్దు.

కత్తి తెచ్చుకున్నాక సానపట్టే ఆలోచన మానుకోండి. తోగిషి అనే శిక్షణ పొందిన సానవాడే చేయాలి, ఆ ఖర్చు ఒక్కోసారి కత్తి ధరను మించుతుంది. చేతివేళ్లు తగిలిన చోట తుప్పు మచ్చ పడుతుంది. రెండు మూడు నెలలకోసారి పాత నూనెను మెత్తటి గుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పలచగా రాయాలి; విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం నెలకోసారి. నూనె కారేలా రాస్తే ఒరలోని చెక్క పీల్చుకుంటుంది, దానికి దుమ్ము అంటుకుని కత్తిని గీకుతుంది. కత్తి తుడవడానికి వాడే ఉచికో అనే రాతి పొడిని అస్తమానం కొట్టినా గీతలు పడతాయి. ఎక్కువకాలం దాచేటప్పుడు అలంకారపు ఒరలో కాక షిరాసాయా అనే సాదా చెక్క ఒరలో, పదును పైకి, అడ్డంగా ఉంచండి.