అమెరికాలో ఇంట్లో వ్యాపారం, ఇంటి పక్కన సెల్ టవర్: తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళకు

కొర్లగుంటలో మా ఎదురింటి కింది భాగం జిరాక్సు షాపు, పైన కాపురం, మిద్దె మీద సెల్ టవర్. పక్కింటి అక్క పొద్దున వాకిట్లో ఇడ్లీలు వేస్తుంది. సాయంత్రం అదే వాకిట్లో వాళ్ళమ్మాయి పిలకాయలకు లెక్కలు చెబుతుంది. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు మనకూ ఉన్నాయి గానీ, నాలుగు ఇడ్లీలు వేయడానికి వాటిని ఎవరూ తలుచుకోరు. ఈ అలవాటుతోనే నేను అమెరికా వెళ్ళాను, పదకొండేళ్ళు ఉండి వచ్చాను. ఇప్పుడు మా వీధిలోంచి వెళ్ళే అమ్మాయిలు సూట్‌కేసులు సర్దుకుంటూ "అక్కా, అక్కడ ఇంట్లోనే ఏదైనా మొదలుపెట్టుకోవచ్చా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వీసా. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భర్తకో భార్యకో ఇచ్చే వీసా) మీద వెళ్ళినవాళ్ళు వర్క్ పర్మిట్ చేతికి రాకుండా డబ్బు తీసుకుని ఏ పనీ చేయకూడదు, చీరకు ఫాల్ కుట్టడమైనా సరే. ఆ పర్మిట్ ఇచ్చే నియమం 2015లో వచ్చింది. భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు పని కొంత ముందుకు సాగి ఉంటేనే అది వర్తిస్తుంది. హెచ్-1బి ఉన్నవాళ్ళు వీసా తీసిన కంపెనీ పని తప్ప సొంత వ్యాపారం నడపకూడదు. ఊళ్ళో పర్మిట్ తెచ్చుకున్నంత మాత్రాన వీసా తప్పు ఒప్పయిపోదు. ఈ గడప దాటినవాళ్ళకే మిగతా మాటలు.

అక్కడ స్థలం కొనకముందే, ఇల్లు కట్టకముందే, ఆ నేల మీద ఏం చేయవచ్చో ఊరు రాసి పెట్టి ఉంటుంది. దాన్నే జోనింగ్ అంటారు. న్యూయార్క్ నగరం 1916లో ఊరంతటికీ కలిపి ఇలాంటి చట్టం చేసింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో, ఇళ్ళ మధ్య వ్యాపారాలు వద్దనే హక్కు ఊరికి ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. హ్యూస్టన్ లాంటి మహానగరానికి జోనింగ్ చట్టం లేదు, అయినా అక్కడ చాలా కాలనీల్లో దస్తావేజుల్లోనే ఆంక్షలుంటాయి. దేశమంతటికీ ఒకే పుస్తకం లేదు, ఏ ఊరిది ఆ ఊరిదే. డల్లాస్‌లో ఉన్న మీ పిన్ని కూతురు "మాకేం అడగలేదే" అంటే, అది ఆమె ఊరి సంగతి.

నాకు గ్రీన్‌కార్డు వచ్చాక బ్లౌజులు కుట్టడం మొదలుపెట్టాను. వెంకటగిరి చీరలు కూడా కొన్ని తెప్పించాను. శనివారం వస్తే మా చిన్న వీధిలో ఏడెనిమిది కార్లు ఆగేవి. మూడో నెలలో ఊరి ఆఫీసు నుంచి వయొలేషన్ నోటీసు, అంటే నియమం తప్పారనే నోటీసు వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, కేసులు పడతాయేమో, గ్రీన్‌కార్డుకు ముప్పేమో అని ఏడ్చాను. పొద్దున ప్లానింగ్ ఆఫీసు కౌంటర్ దగ్గరికి వెళితే, అక్కడి ఆవిడ నెమ్మదిగా ఫారం చేతిలో పెట్టి "హోమ్ ఆక్యుపేషన్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకో" అంది. ఇంట్లో వ్యాపారానికి ఊరిచ్చే అనుమతి అది. తప్పు నాదే. ముందే వెళ్ళి అడిగి ఉంటే ఆ రాత్రి భయం ఉండేది కాదు.

షరతులు చాలా ఊళ్ళలో ఒకేలా ఉంటాయి. ఆ ఇంట్లో ఉండేవాళ్ళే పని చేయాలి, బయటి మనిషిని పెట్టుకోకూడదు, లేదా ఒక్కరినే పెట్టుకోవాలి. బోర్డు పెట్టకూడదు, లేదా చాలా చిన్నది పెట్టాలి. ఇంట్లో నాలుగో వంతుకు మించి వ్యాపారానికి వాడకూడదు. సరుకు బయటికి కనపడకూడదు. చప్పుడు, వాసన, కార్ల రద్దీ పక్కింటికి తగలకూడదు. నాకు ఇచ్చిన పర్మిట్‌లో, ముందు టైము చెప్పుకుని ఒకరి తర్వాత ఒకరు రావాలని రాశారు. ట్యూషన్‌కు ఒకేసారి ఎంతమంది పిల్లలు రావచ్చో లెక్క ఉంటుంది. పసిపిల్లల్ని చూసుకునే పనికి తరచుగా రాష్ట్రం లైసెన్సు కూడా కావాలి. ఇల్లు మారితే పర్మిట్ మీ వెంట రాదు, మళ్ళీ అడగాల్సిందే.

ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే తడబడతారు. మీ చిరునామాలో ఒక ఊరి పేరు ఉంటుంది, కానీ ఇల్లు ఆ ఊరి హద్దు బయట, కౌంటీ (మన జిల్లా లాంటిది) కింద ఉండవచ్చు. పోస్టాఫీసు పేరు చూసి సిటీ ఆఫీసుకు వెళితే తిప్పి పంపుతారు. కౌంటీ వెబ్‌సైట్లో మ్యాపు తెరిచి మీ ప్లాటు ఏ హద్దులో ఉందో, ఏ జోన్‌లో ఉందో చూసుకుని, అప్పుడు ఈమెయిల్‌తో అడగండి. రాసిచ్చిన జవాబు దాచుకోండి. దాంతో పాటు హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నియమాలు, అద్దె ఇల్లయితే లీజు కాగితం కూడా చదవండి. ఊరు సరేనన్నా హెచ్ఓఏ వద్దనగలదు.

ఇంట్లో వండి తిండి అమ్మేవాళ్ళకు ఇంకో చట్టం ఉంది, కాటేజ్ ఫుడ్ చట్టం అంటారు. రాష్ట్రానికో రకం. న్యూజెర్సీలో ఇంట్లో చేసినవి అమ్ముకోవడానికి 2021 దాకా దారే లేదు. మురుకులు, నిప్పట్లు లాంటి పొడి తిండికి చాలాచోట్ల చిక్కు ఉండదు. ఊరగాయ దగ్గరే ఆగుతుంది. గాలి తగలని నూనెలో, పులుపు చాలకపోతే, బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉందని వాళ్ళ భయం. అది ఉత్త భయం కాదు, వాళ్ళ పట్టికలో లేనిది అమ్మకండి.

ఇక టవర్. నేను అక్కడ నేర్చుకున్నవాటిలో అందరికీ గట్టిగా చెప్పాలనిపించేది ఇదే.

అక్కడ మా పిల్లలు ఆడుకునే మైదానం పక్కన టవర్ వస్తుందని పోస్టులో కార్డు వచ్చింది. మన తెలుగు కుటుంబాలు ఓ ఇరవై, ఊరు జనం మాట వినే పబ్లిక్ హియరింగ్‌కు వెళ్ళాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి రేడియేషన్, క్యాన్సర్ అంటూ కన్నీళ్ళతో మాట్లాడాం. ఊరి ప్లానింగ్ బోర్డు వాళ్ళు ఓపికగా విని, దాని మీద తాము నిర్ణయం తీసుకోలేమన్నారు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం, టవర్ ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) పరిమితుల్లో ఉంటే, రేడియో తరంగాల ప్రభావం కారణం చూపి ఏ ఊరూ కాదనకూడదు. మాకిచ్చిన సమయమంతా పనికిరాని మాటకే అయిపోయింది.

అదే చట్టం ఊరికి చాలా అధికారం మిగిల్చింది. ఎక్కడ, ఎంత ఎత్తు, ఇళ్ళకు ఎంత దూరం, ఎలా కనపడుతుంది, దగ్గర్లో ఉన్న టవర్ మీదే ఎందుకు పెట్టకూడదు అని అడగవచ్చు. కాదంటే రాతలో, గట్టి ఆధారంతో కాదనాలి. అందుకే రెండు వందల సంతకాల కన్నా ఒక కొలత విలువైనది. టవర్ ఎత్తంత దూరమైనా హద్దు నుంచి వదలాలని మా ఊరి నియమం. రెండో హియరింగ్‌కు మా పక్కింటి సివిల్ ఇంజనీరు ఆ దూరం కొలిచి, మ్యాపు గీసి, అర మైలు అవతలి నీళ్ళ ట్యాంకు ఫోటోతో వచ్చాడు. చివరికి యాంటెన్నాలు ఆ ట్యాంకు మీదికి వెళ్ళాయి.

టైము దగ్గర అశ్రద్ధ చేయకండి, దరఖాస్తు మీద ఊరు ఏదో ఒకటి తేల్చడానికి గడువుంటుంది. కొత్త టవర్‌కు 150 రోజులు, ఉన్నదాని మీద పెట్టడానికి 90 రోజులు అని ఎఫ్‌సీసీ 2009లో గడువు పెట్టింది. వీధి స్తంభాల మీద పెట్టే చిన్న పెట్టెలకు 2018 నుంచి ఇంకా తక్కువ. ఇంకో సంగతి, టవర్ వస్తుందని చెప్పే ఆ కార్డులు మామూలుగా ఇంటి యజమానుల పేరు మీదే వస్తాయి. అద్దెకున్నవాళ్ళకు రావు. ఖాళీ స్థలంలో నోటీసు బోర్డు కనపడితే ఆగి చదవండి. హియరింగ్ రోజు ముందుగా వెళ్ళి పేరు రాయించుకోండి. ఒక్కొక్కరికీ తరచుగా మూడే నిమిషాలు ఇస్తారు, కాబట్టి చెప్పేది ఇంట్లోనే కాగితం మీద రాసుకుని, గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. ఇంగ్లీషు తడబడినా వింటారు, నా మాటలు విన్నారు.

తెలుగు చానెళ్ళ కోసం డిష్ పెట్టుకోవాలంటే మాత్రం అంత తంటా లేదు. ఒక మీటరు లోపు డిష్‌ను మీ సొంత బాల్కనీలోనో పెరట్లోనో పెట్టుకోవద్దని హెచ్ఓఏ గానీ, ఇంటాయన గానీ అనకూడదు. అపార్టుమెంటు ఉమ్మడి కప్పు మీద మాత్రం ఆ హక్కు లేదు.