తుఫాన్ల కాలానికి ముందే సర్వర్ కేబుళ్లు చూసుకోండి

దసరా దగ్గర పడుతోందంటే విశాఖలో నెట్‌వర్క్ కేబుళ్ల పని చేసే మాలాంటి వాళ్లకు గుబులు మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. అప్పటి నుంచి ఏటా సెప్టెంబర్ ఆఖరుకల్లా నేను చూసే ఆఫీసుల్లో సర్వర్ లైన్లన్నీ ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడడం అలవాటు చేసుకున్నాను. లక్షలు పోసి సర్వర్ కొంటారు, యూపీఎస్ పెడతారు, ఏసీ బిగిస్తారు. తీరా కేబుల్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి లాగేయండి" అంటారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆమధ్య పెదవాల్తేరు వైపు, సముద్రం కనబడే మేడ మీదున్న ఒక ల్యాబు నుంచి ఫోనొచ్చింది. సర్వర్ బాగా నెమ్మదించిందని. సర్వర్ గిగాబిట్టే (అంటే సెకనుకు 1000 మెగాబిట్ల వేగం), కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే స్విచ్ పెట్టె కూడా గిగాబిట్టే, రెండింటి మధ్య లింకు మాత్రం 100 మెగాబిట్ దగ్గర ఆగిపోయింది. సర్వర్, స్విచ్ బిగించిన ర్యాక్ పక్కనే కిటికీ తెరిచి ఉంది. జాక్ పీకి టార్చి వేసి చూస్తే ఎనిమిది పిన్నుల్లో రెండింటి మీద ఆకుపచ్చగా చిలుము పట్టింది. అంతా ఉప్పుగాలి పనే. 100 మెగాబిట్‌కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒకటి దెబ్బతింటే చాలాసార్లు లైన్ పూర్తిగా పోదు, వేగం పడిపోతుంది. అందరూ సర్వర్‌నే అనుమానిస్తారు. ముందు లింకు స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి, ఆ తర్వాతే మిగతావి.

కొత్త కేబుల్ కొనేటప్పుడు ఎంత వేగం కావాలి, ఎంత దూరం లాగాలి అన్న రెండు లెక్కలు ముందు తేల్చుకోవాలి. నెట్‌వర్క్ కేబుళ్లకు క్యాట్ 5ఈ, క్యాట్ 6, క్యాట్ 6ఏ అని తరగతులుంటాయి. గిగాబిట్‌కి క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల వరకూ సరిపోతుంది. 10 గిగాబిట్ కావాలంటే క్యాట్ 6 మీద సుమారు 55 మీటర్లే నమ్మకం, కేబుళ్లు కట్టలు కట్టలుగా కలిసి వెళ్లే చోట ఇంకా తక్కువ. 100 మీటర్లూ రావాలంటే క్యాట్ 6ఏ తీసుకోండి. ఆ 100 మీటర్లలోనే రెండు చివరలా తగిలించే ప్యాచ్ కార్డులు (జాకులు బిగించి ఉన్న పొట్టి కేబుళ్లు) కూడా కలిసి ఉంటాయని చాలామంది మర్చిపోతారు. గోడలో నడిచే లైన్‌ని 90 మీటర్లకు మించనివ్వకండి. గోడలోకి గట్టి ఒంటి తీగ కేబుల్, ర్యాక్‌లో కదిలించే చోటికి సన్నతీగల పేటతో చేసిన ప్యాచ్ కార్డు వేసుకోవాలి. సర్వర్, స్విచ్ ఒకే ర్యాక్‌లో ఉండి రెండింటికీ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులు (10 గిగాబిట్ మాడ్యూల్ దూర్చే సొరుగులు) ఉంటే, రెండు కొనలా ఆ ప్లగ్గులు బిగించే వచ్చే డాక్ అనే రాగి కేబుల్ రెండు మూడు మీటర్లది చాలు. అయితే కొన్ని స్విచ్‌లు తమ కంపెనీ కేబుల్ తప్ప వేరేది ఒప్పుకోవు, కొనే ముందే అడగండి.

అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది రాగి దగ్గర. పెట్టె మీద క్యాట్ 6 అని అచ్చేసి ఉంటుంది, లోపల అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది. పెట్టె మీద సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం, అంటే ఈ పూత తీగే) అనే మూడక్షరాలు కనబడితే అక్కడే వదిలేయండి. అక్షరాలు లేకపోయినా ఒక ముక్క కోసి తీగను బ్లేడుతో గీకి చూడండి. అసలు రాగి లోపలిదాకా ఎర్రగానే ఉంటుంది, పూత తీగ తెల్లగా బయటపడుతుంది. దానికి నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఇలాంటి కేబుల్ మీద సర్వర్‌ని నడపవద్దని నేను చేతులు జోడించి చెబుతాను.

డాబా మీదుగా, గోడ బయటగా వెళ్లే లైన్ అయితే ఎండకు తట్టుకునే నల్లటి పాలిథీన్ తొడుగున్నదే వాడాలి. లోపల వాడే బూడిదరంగు కేబుల్ బయట వేస్తే మన ఎండకు పైతోలు పగిలిపోతుంది, ఆ పగుళ్లలోంచి వాననీళ్లు దిగుతాయి. కేబుల్ బయటి నుంచి గదిలోకి వచ్చే రంధ్రానికి ముందు కిందికి వేలాడేలా ఒక వంపు ఇవ్వండి. నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, కేబుల్ వెంట పాకి స్విచ్ దాకా రాదు. ఇంత చిన్న పని చేయక పోర్టులు తడిసిన చోట్లు నేను చాలా చూశాను.

రెండు భవనాల మధ్య మాత్రం రాగి వద్దే వద్దు. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంటే ఉప్పెనలా కరెంటు వచ్చి ఇటు స్విచ్‌నీ అటు సర్వర్‌నీ తీసుకుపోతుంది. అక్కడ గాజు తీగలో వెలుగుతో నడిచే ఫైబర్ కేబుల్ వేయండి. ఇనుప కవచం ఉన్న ఫైబర్ అయితే ఆ కవచం కూడా కరెంటును మోస్తుంది కాబట్టి దానికి ఎర్తింగ్ ఇవ్వాలి, లేదా లోహమే లేని రకం ఎంచుకోవాలి. ఫైబర్‌లో సింగిల్ మోడ్ అనే రకం కేబుల్ వేస్తే, దాన్ని స్విచ్‌కి కలిపే మాడ్యూళ్లు కూడా సింగిల్ మోడ్‌వే ఉండాలి, రెండు చివరలా ఒకే రకం. పీకి ఉంచిన కొనకు మూత పెట్టండి, వెలుగు వస్తోందా అని కంటితో తొంగి చూడకండి.

కవచమున్న రాగి కేబుల్ మంచిదేగా అని కొందరు అడుగుతారు. గాజువాక వైపు పెద్ద మోటార్లు నడిచే షెడ్లలో అవసరమే. కానీ దాని కవచం సరిగ్గా ఎర్త్ కాకపోతే ఆ ఖర్చుకి ఫలితం దక్కదు. మామూలు ఆఫీసులో 230 వోల్టుల కరెంటు తీగలతో కలపకుండా వేరే పైపులో నడిపితే చాలు.

క్రింపింగ్, అంటే కేబుల్ కొనకు జాక్ బిగించే పని చేసే కుర్రాడి పక్కన ఒక్క ఐదు నిమిషాలు నిలబడండి. జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు, రెండు చివరలా రంగుల వరస ఒకటే ఉండాలి. చిన్న టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయంటే తీగలు అతికాయనే అర్థం, వేగం వస్తుందని కాదు. సర్వర్‌కి తగిలించి పెద్ద ఫైల్ ఒకటి కాపీ చేసి చూశాకే డబ్బులివ్వండి.

అక్టోబర్ రాకముందే పరీక్షించిన ప్యాచ్ కార్డులు రెండు, గాలి చొరబడని సంచీలో సిలికా జెల్ పొట్లం వేసి ర్యాక్ పైన ఉంచండి. ఏ కేబుల్ ఏ పోర్టుకో రెండు కొనలకూ చీటీ అంటించండి. కరెంటు పోయిన రాత్రి ఫోన్ వెలుగులో వెతుక్కోవాల్సింది వాటినే.