అమెరికాలో పాత కారుకి మిస్సింగ్ వస్తే: బెజవాడ, గుంటూరు పిల్లలకు

పచ్చళ్ల డబ్బాలు ప్యాక్ చేసే హడావిడిలో ఉన్నారు కదా, ఒక్క మాట వినండి. దిగిన మూడు నాలుగు నెలలకే మీలో చాలామంది 12, 15 ఏళ్ల పాత కారు కొంటారు. ఏదో ఒక రోజు దానికి మిస్సింగ్ వస్తుంది, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండక ఇంజిన్ వణుకుతుంది. ఇక్కడైతే ఆటోనగర్‌కి తోలుకుపోతాం. అమెరికాలో మెకానిక్ కూలీ చాలాచోట్ల గంటకు 100 డాలర్లు దాటుతుంది, పార్టులు వేరే.

కొత్తలో నేనొక గ్యారేజీకి ఫోన్ చేసి ‘మై కార్ ఈజ్ మిస్సింగ్’ అన్నాను. పోలీసులకి చెప్పావా అని అడిగాడు అవతలాయన! అక్కడ మిస్‌ఫైర్ అనండి.

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే మెల్లగా ఇంటికి చేరొచ్చు. అదే ఆరుతూ వెలుగుతూ ఉంటే పక్కకు తీసి ఆపండి. కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. అది మార్చాలంటే కారు కొన్న డబ్బులో సగం అయినా ఆశ్చర్యం లేదు.

1996 మోడల్ నుంచి అక్కడి కార్లకి స్టీరింగ్ కింద ఇంజిన్ లోపాల కోడ్‌లు చదవడానికి ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. 20, 30 డాలర్లకి చిన్న స్కానర్ దొరుకుతుంది. పార్టుల షాపుల్లో చాలామంది ఊరికే చదివిపెడతారు కూడా. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది. పి0300 అయితే ఒక్కదాంట్లో అని కాదు. గాలి లీకు, పెట్రోలు ప్రెషర్ వైపు చూడాలి. కోడ్ ఏ సిలిండరో చెబుతుంది, ఎందుకో చెప్పదు. షాపువాడు కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకి కరెంటు పంపే భాగం) చేతిలో పెట్టగానే కార్డు గీకేయకండి.

మా నాన్న అంబాసిడర్‌కి ఆటోనగర్ మేస్త్రి ఏం చేసేవాడంటే, ఇంజిన్ తిరుగుతుండగానే చేతికి పొడి గుడ్డ చుట్టుకుని ప్లగ్గు క్యాపులు ఒక్కొక్కటే లాగేవాడు. మంచి సిలిండర్‌ది లాగితే ఇంజిన్ ఇంకా డీలా పడేది. ఒకదానికి మాత్రం చప్పుడు మారేది కాదు. ‘ఇదిగో దొంగ’ అనేవాడు. ఈ కాలపు కార్లతో అలా చేయకండి, షాక్ కొడుతుంది, కన్వర్టరూ పోతుంది. ఆలోచన మాత్రం అదే. ప్లగ్గుకో కాయిల్ ఉన్న కారైతే, ఇంజిన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌నీ మూడోదాన్నీ అటూఇటూ మార్చి, కోడ్ తుడిచి నడపండి. ఈసారి పి0303 వస్తే కాయిల్ పోయినట్టే. మళ్లీ పి0302నే వస్తే ప్లగ్గులు మార్చి చూడండి. అదీ కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో, కంప్రెషనో (సిలిండర్‌లో ఒత్తిడి). ఇక మెకానిక్ దగ్గరికే.

నేను ఒకే ఏడాదిలో ఒకే సిలిండర్‌కి రెండు కాయిళ్లు మార్చాను. మూడోసారి పీకినప్పుడు, కాయిల్ కింద ప్లగ్గుకి తొడిగే రబ్బరు బూటు కొస నల్లగా, జిగటగా ఉంది. టార్చి వేస్తే ప్లగ్గు గుంటలో ఆయిల్! పైన వాల్వ్ కవర్ ప్యాకింగ్ ఎండిపోయి కారుతోంది. బూటు ఆయిల్‌లో నాని పాడైతే కాయిల్ ఏం చేస్తుంది పాపం.

తిరగబెట్టే జబ్బయితే ఎప్పుడెప్పుడు వస్తోందో ఫోన్లో రాసుకోండి. వాన పడితేనే వస్తే కాయిల్, వైర్ల వైపు అనుమానం. ఐడిల్‌లో వణికి స్పీడులో సర్దుకుంటే గాలి లీకు కావచ్చు.

కొనేముందు కూడా స్కానర్ పెట్టండి. కోడ్ ఏమీ లేకుండా, రెడీనెస్ (కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అని చూపే చోటు) దగ్గర మాత్రం ‘నాట్ రెడీ’ అని మూడు నాలుగు కనబడితే, ఈమధ్యే ఎవరో కోడ్ తుడిచారు, లేదా బ్యాటరీ విప్పారు. నాలుగు రోజులు బండి నడిపాక మళ్లీ చూస్తానని చెప్పండి. వద్దంటే ఇంకో కారు వెతుక్కోండి.

విమానం ఎక్కేలోపు ఒక పూట ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి పక్కన కూర్చుని ప్లగ్గు విప్పి బిగించడం నేర్చుకోండి. ఇంజిన్ చల్లారాకే విప్పాలి, బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం హెడ్‌లో మర చెడిందంటే ఏ స్కానరూ ఆదుకోదు.