కప్పులు, స్పూన్లు, ఔన్సులను మిల్లీలీటర్లలోకి మార్చడం ఎలా?

కావలసినవి మూడే: మి.లీ. గీతలున్న మెజరింగ్ జగ్గు, కొలత స్పూన్ల సెట్టు, గ్రాములు చూపే కిచెన్ స్కేలు. జగ్గు గాజుదే కొనండి. ప్లాస్టిక్ జగ్గు మీద గీతలు తోమగా తోమగా చెరిగిపోతాయి.

1. ముందు ఇవి నోటికి రావాలి. టీస్పూను 5 మి.లీ. మూడు టీస్పూన్లు ఒక టేబుల్‌స్పూను, 15 మి.లీ. పదహారు టేబుల్‌స్పూన్లు ఒక కప్పు, 240 మి.లీ. పావు కప్పంటే నాలుగు టేబుల్‌స్పూన్లు. ఇంతవరకు ఎవరూ తప్పరు. అన్నం తినే స్పూనును మాత్రం టేబుల్‌స్పూను అనుకోకండి.

2. అది ఏ కప్పో తేల్చుకోండి. వంట చెడేది ఇక్కడే.

అమెరికా వంటకమైతే కప్పు 236.6 మి.లీ., 240 అనుకున్నా నష్టం లేదు. ఆస్ట్రేలియాలో కప్పు 250 మి.లీ. పైగా అక్కడి టేబుల్‌స్పూను 15 కాదు, 20 మి.లీ. అంటే నాలుగు టీస్పూన్లు. జపాన్ కప్పు 200 మి.లీ. మన బజార్లో దొరికే సెట్లలో 240వీ ఉంటాయి, 250వీ ఉంటాయి. కొనేముందు కప్పు అడుగునో పిడి మీదో చూడండి.

రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు వీటిలో దేనికీ చెందదు. అది జపాన్ వాళ్ల పాత ‘గో’ కొలత, 180 మి.లీ. క్వార్టర్ సీసాలో పట్టేంత. బియ్యం దానితో కొలిచి, నీళ్లు 240 కప్పుతో పోసేవాళ్లు చాలామంది. రెండు కప్పుల బియ్యానికి రెట్టింపు నీళ్లంటే 720 మి.లీ. పడాలి, వీళ్లు పోసేది 960. అన్నం ముద్దవుతుంది, తిట్లు బియ్యం కొట్టువాడికి పడతాయి. రెండూ ఒకే కప్పుతో కొలిస్తే అది ఏ సైజైనా ఫరవాలేదు. కానీ కేకులా కప్పులతో పాటు గ్రాములు, గుడ్లు కూడా ఉన్న వంటకంలో ఆ సర్దుబాటు కుదరదు, కప్పు అసలు సైజు తెలియాల్సిందే.

అనుమానం ఉంటే ఖాళీ కప్పును స్కేలు మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. నీళ్లు ఎన్ని గ్రాములు తూగితే కప్పు అన్ని మి.లీ. గిద్దె, సోలల పద్దతికీ ఇదే మందు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న వరస సరే, గిద్దె సైజు ఊరికో రకంగా ఉంటుంది. అమ్మమ్మ ఆవకాయ కొలత కావాలంటే అమ్మమ్మ గిద్దెనే తూచాలి.

3. ఔన్సుల్లో రెండు రకాలు. ద్రవాల ఔన్సు అమెరికాలో 29.6 మి.లీ., బ్రిటన్‌లో 28.4. పింటు అమెరికాలో 16 ఔన్సులు, 473 మి.లీ.; బ్రిటన్‌లో 20 ఔన్సులు, 568 మి.లీ. బరువు ఔన్సు వేరే, 28.35 గ్రాములు. ‘8 ఔన్సుల తేనె’ బరువైతే 227 గ్రాములు, ద్రవమైతే దాదాపు 340. వంటకం రాసినవాళ్లు ఏది అన్నారో చూసుకోకపోతే పాకం తీపి ఒకటిన్నర రెట్లవుతుంది.

4. మి.లీ.ను గ్రాములుగా చదవకండి. అది నీళ్లకే చెల్లుతుంది, పాలకు దాదాపుగా సరిపోతుంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములే.

5. పోసేటప్పుడు జగ్గును బల్ల మీద పెట్టి, మీరే వంగి కళ్లను గీత ఎత్తుకు తెచ్చుకోండి. జగ్గును చేత్తో ఎత్తి చూస్తే అది వాలుతుంది. నీటి పైభాగం గిన్నెలా వంగి కనబడుతుంది, ఆ వంపు అడుగు గీతను తాకాలి. వెనిల్లా ఎసెన్సు లాంటివాటిని గిన్నె మీదుగా స్పూన్లోకి వంచకండి, పొర్లిందంతా గిన్నెలోనే పడుతుంది.

పిల్లల సిరప్‌లకు ఈ లెక్కలేవీ వాడొద్దు. సీసాతో పాటు ఇచ్చిన మూతతోనో సిరంజితోనో కొలవండి.